శెట్టి అడిగిన మచ్చు

శెట్టికి మచ్చు చూడనిదే ఏదీ నమ్మబుద్ధి కాదు. నంద్యాలలో శనగలు, కందులు, జొన్నలు కొని అమ్మే ఇంట్లో పుట్టినవాడు. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు బయటికి లాగడం, అరచేతిలో పోసుకుని ఊదడం, ఒక గింజ పంటికింద పెట్టి కొరకడం, ఆ చప్పుడును బట్టి ధర చెప్పడం, ఇదీ ఆయన నేర్చిన చదువు. అంగట్లో చేస్తే సరే, అది వ్యాపారం. కానీ బనగానపల్లె మామిడిపండ్లు కొనేటప్పుడు కూడా ఒక పండు కోయించి ముక్క తినందే బుట్ట ఎత్తనివ్వడు. హోటల్‌కు పోతే సాంబారు గరిటెతో తెప్పించుకుని రుచి చూశాకే కుర్చీ లాక్కుంటాడు. ఒకసారి పరుపుల షాపులో పరుపు మీద పడుకుని ఏకంగా గురక పెట్టాడు. నేను సిగ్గుతో బయటికొచ్చి పక్కషాపు బోర్డు చదువుతూ నిలబడ్డాను.

నేను ఆళ్లగడ్డలో శిల్పిని. మా నాయన, మా తాత రాయి చెక్కి బతికినవాళ్లే. నాకు ముక్కుమీద కోపం. ఈ సంగతి నేను చెప్పకపోయినా మా వీధిలో ఎవరైనా చెబుతారు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. శెట్టి మొదటిసారి మా శిల్పశాలకు వచ్చినప్పుడు అంగడి ముందర పెట్టడానికి వినాయకుడు కావాలన్నాడు. రాయి చూపించాను, పాత విగ్రహాల ఫొటోలు చూపించాను. అన్నీ విని, తల ఊపి, చివరికి అడిగాడు.

"అంతా బాగుండాది ఆచారీ. ముందు మచ్చు చూపీ."

ఒళ్లు మండిపోయింది. "దేవునికి మచ్చేందప్పా?" అన్నాను.

"యాదో ఒకటి. చెయ్యో, చెవో."

పొమ్మన్నాను. పోయాడు. కానీ ఆ కోపం ఊరికే పోలేదు. పక్కన పడి ఉన్న నల్లరాతి ముక్క తీసుకుని, ఉండ్రాయి పట్టుకున్న చెయ్యి ఒకటి చెక్కాను. మణికట్టుకు కంకణం, వేళ్లకు గోళ్లు, ఉండ్రాయి మీద వేలిముద్ర అద్దిన నొక్కు, అన్నీ పెట్టాను. మళ్లీ వచ్చినప్పుడు ఆయన ఒళ్లో పడేశాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఊదాడు, బొటనవేలితో రుద్దాడు. ఎక్కడ కొరుకుతాడో అని భయపడ్డాను. "బాగుండాది. ఆలోచించి చెప్తా" అని జేబులో వేసుకుపోయాడు.

ఆ ఆలోచన ఏళ్ల తరబడి తెగలేదు. రాతి చెయ్యి ఆయన అంగట్లో బిల్లులు ఎగిరిపోకుండా బరువుగా కూర్చుంది. వినాయకుడి ఆర్డరు రాలేదు. శెట్టి మాత్రం వస్తూనే ఉన్నాడు. మొదట్లో రాయి ధర అడగడానికి, తర్వాత ఊరికే కూర్చోడానికి, ఆ తర్వాత ఏ వంకా చెప్పకుండా. రాతి చెయ్యి పట్టుకుపోయినవాడు ఒకనాడు నా చెయ్యి పట్టుకున్నాడు. దానికి మాత్రం మచ్చు అడగలేదు.

లోకానికి మేం స్నేహితులం. శనివారం సాయంత్రం పనివాళ్లను పంపించేసి, ఒంటి మీది రాతిదుమ్ము కడుక్కుని, సిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి నంద్యాల చేరతాను. శెట్టిది మేడమీద గది. కింద అన్నావదినల సంసారం. ఆదివారం పొద్దున వదినమ్మ ఉగ్గాని, బజ్జీలు రెండు పళ్లాల్లో పైకి పంపుతుంది. "ఆచారి వచ్చినాడా" అని అడుగుతుందే తప్ప ఎందుకొచ్చాడని ఏనాడూ అడగలేదు. శెట్టికి పెళ్లి సంబంధాలు చూసీ చూసీ వాళ్లే అలిసిపోయారు. ఆయనకు ఆడవాళ్లంటే కూడా ఇష్టం ఉండేది, ఒక సంబంధానికి దాదాపు తల ఊపాడు కూడా. నాకు ఆ గొడవే లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ నా మనసు మగవాళ్ల వైపే.

మా ఇద్దరి మధ్య దాపరికం లేదు. శెట్టి సరుకు పనిమీద గుంటూరు, బళ్లారి, హైదరాబాద్ తిరుగుతాడు. నేను విగ్రహాలు నిలబెట్టడానికి ఊళ్లు పోతాను. అక్కడ ఒకోసారి ఎవరో ఒకరు తారసపడతారు. ఇంటికొచ్చాక చెప్పుకుంటాం. ఈర్ష్య లేదని అనను. ఆయన హైదరాబాద్ నుంచి ఈలవేసుకుంటూ వస్తే నేను ఆ రోజంతా ఉలి కాస్త గట్టిగా కొడతాను. అంతే. జాగ్రత్తగా ఉంటామని ఒకరికొకరం చెప్పుకున్నాం. కానీ జాగ్రత్త అన్నది చెప్పినంత తేలిక కాదు. జేబులో నిరోధ్ తొడుగు ఉండాలి, ఆ క్షణంలో అది గుర్తు రావాలి, ఎదుటివాడు సరే అనాలి.

నా చేతులకు దురద పట్టి తోలు ఊడుతుంటే నంద్యాలలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి పోయాను. రాతిదుమ్ము, పాలిష్ పొడి వల్లేనంది. పూత మందు రాసిచ్చింది. ఆమె మాట్లాడే తీరులో ఏదో తెగువ ఉంది, మొహమాటం లేదు. పెళ్లయిందా అంది, లేదన్నాను. తోడు ఎవరైనా ఉన్నారా అంది. ఉన్నారన్నాను. ఆడా మగా అంది. నలభై ఏళ్ల బతుకులో ఈ ప్రశ్న నన్ను ఇంత మామూలుగా అడిగినవాళ్లు లేరు. జలుబా దగ్గా అన్నట్టు అడిగింది. నేనూ అంతే మామూలుగా చెప్పేశాను. చెప్పాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు చెప్పింది ఆ మాత్ర సంగతి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు వైద్యం కాదు, లేనివాళ్లకు రాకుండా ముందే వేసుకునేది. రోజుకొకటి, మానకుండా. వేసుకునేముందు రక్తపరీక్ష, కిడ్నీలు, కామెర్లు చూస్తారు. తర్వాత మూడు నెలలకోసారి మళ్లీ పరీక్ష. మిగతా సుఖరోగాలను ఇది ఆపదు కాబట్టి తొడుగు మానొద్దు. ఇవన్నీ చెప్పి, చివర్లో వేలు చూపించి ఒక మాట అంది. ఈ సీసాలోది పరీక్ష చేయించుకోని మనిషికి ఒక్క మాత్ర కూడా ఇవ్వొద్దు. జబ్బు అప్పటికే లోపల ఉంటే, అరకొరగా పడిన మందుకు అది అలవాటు పడుతుంది. రేపు అసలు వైద్యానికి అదే మందు పనికిరాకుండా పోవచ్చు. నేను బుద్ధిగా తల ఊపాను.

నా పరీక్ష బాగానే వచ్చింది. మాత్ర మొదలుపెట్టాను. మొదటి వారం కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది. ఆళ్లగడ్డలో మా అక్కావాళ్లది పక్కిల్లే, నా అన్నం అక్కడే. ఏం మాత్రరా అని అడిగితే దుమ్ముకు అన్నాను. రాయి కొట్టేవాళ్లు దుమ్ము దిగడానికి బెల్లం తినడం మాకు తాతల నాటి అలవాటు. అందుకని అక్క రోజూ మాత్రతో పాటు ఒక బెల్లంముక్క చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మాత్రను బెల్లంతో మింగినవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణేనేమో.

ఒక ఆదివారం శెట్టికి చెప్పాను. సీసా చూపించాను. నువ్వూ వేసుకో అన్నాను. నిజానికి నాకంటే ఆయనకే ఎక్కువ అవసరం, ఊళ్లు తిరిగేది ఆయన. శెట్టి సీసా పైకెత్తి, ఆడించి, చప్పుడు విని కింద పెట్టేశాడు.

"నాకు రోగం యాడుండాది? రోగం లేనోడు మందేంటికి మింగల్ల?"

రాకుండా అన్నాను. వచ్చినప్పుడు చూద్దాం అన్నాడు. వచ్చాక ఇది పనికిరాదు అన్నాను. ఇట్లా కాసేపు కొట్టుకున్నాక అసలు మాట బయటపెట్టాడు. ఈ సీసా అచ్చం ఆ జబ్బువాళ్లు వాడే సీసా లాగే ఉందట. మార్కెట్లో ఎవరి కంటనైనా పడితే మర్నాటినుంచి తన బస్తా ఎవరూ ముట్టరట. వేరే డబ్బాలో పోసుకో అన్నాను. కడుపులో తిప్పితే అంగట్లో ఎట్లా కూర్చునేది అన్నాడు. వారమేగా అన్నాను. ఎన్ని చెప్పినా ఒకదాని వెనక ఒకటి సాకు. నాకు సహనం తక్కువ. చచ్చిపో అని అనకూడని మాట అనేసి, పళ్లెంలో ఉగ్గాని వదిలేసి బస్సెక్కాను. రెండు వారాలు మాటల్లేవు. తర్వాత ఆయనే ఫోన్ చేసి, వదినమ్మ అడుగుతోంది ఎందుకు రావడం లేదని, అన్నాడు. వదినమ్మ అడగదని ఇద్దరికీ తెలుసు. పోయాను.

అప్పటినుంచి ఏడాదిపాటు ఇదే గొడవ. చెవిలో జోరీగలా నేను చెబుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు, మింగడు. పరీక్షకైనా రమ్మన్నాను. అదెందుకు, నాకేమైందని, అన్నాడు. నంద్యాలలో మాలాంటివాడే ఒక టైలరు ఉండేవాడు, నవ్వుతూ నవ్విస్తూ తిరిగేవాడు. ఆయనకు జబ్బు ఆలస్యంగా బయటపడింది. మనిషి మంచాన పడి, చాలా కష్టం మీద కోలుకున్నాడు. ఆయన్ను చూసొచ్చిన రోజు శెట్టి అన్నం తినలేదు. ఇప్పుడైనా అని నేను సీసా తీయబోతే లేచి మేడ దిగిపోయాడు. రాత్రిళ్లు నాకు నిద్ర పట్టేది కాదు. ఆ మంచంలో టైలరు ముఖం పోయి శెట్టి ముఖం కనపడేది. నా మనిషి నా కళ్లముందే గుంతవైపు నడుస్తుంటే, చెయ్యి పట్టుకు లాగినా రాడే అని ఏడుపొచ్చేది.

ఇట్లా ఉండగా నా సీసా గడువుకు ముందే ఖాళీ అవడం మొదలైంది. ఒకసారి నేనే మరిచిపోయి రెండేసి మింగుతున్నానేమో అనుకున్నాను. మళ్లీ నెలా అంతే. ఇంకేం, నేరుగా డాక్టరమ్మ ఆసుపత్రి కింద ఉన్న మందులషాపుకు పోయి గొంతెత్తాను. సీసాలో తక్కువ మాత్రలు పోసి అమ్ముతున్నారన్నాను. షాపాయన కంపెనీ సీలు చూపించాడు. సీలు మీరే వేసుకోవచ్చన్నాను. పాపం, ఆయన నా వైపు కాసేపు చూసి, మజ్జిగ తాగుతారా అని అడిగాడు. తాగి వచ్చాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం. భోజనమయ్యాక చాప మీద పడుకున్నాను. శెట్టి నేను నిద్రపోయాననుకున్నాడు. మెల్లగా లేచి నా సంచి దగ్గరికి పోయాడు. సీసా తీశాడు. మూత తిప్పి ఒక మాత్ర అరచేతిలో వేసుకున్నాడు. ఊదాడు. పంటికింద పెట్టి కొరికాడు. చేదుకు ముఖమంతా ముడుచుకుపోయింది. రెండో ముక్క కూడా నోట్లో వేసుకుని గడగడా నీళ్లు తాగాడు.

నా సంతోషం చెప్పలేను. ముందు నవ్వొచ్చింది. ఏడాదిగా మొండికేసినవాడు దొంగచాటుగా మచ్చు చూస్తున్నాడు. ఒంటికి పడుతుందో లేదో, అంగట్లో కూర్చోనిస్తుందో లేదో తనకు తాను తేల్చుకుంటున్నాడు. అంటే మనసు ఎప్పుడో ఒప్పుకుంది. లేచి కావలించుకుందామని మోచేయి ఆనించాను. అంతలో డాక్టరమ్మ వేలు గుర్తొచ్చింది. పరీక్ష చేయించుకోని మనిషికి ఒక్క మాత్ర కూడా ఇవ్వొద్దు.

లేచి కూర్చుని, ఏం చేస్తున్నావని అడిగాను. ఉలిక్కిపడి సీసా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మీసం మీద మాత్ర పొడి తెల్లగా ఉంది.

"మచ్చు చూస్తాండా ఆచారీ. ఒంటికి పడతాదో పడదో చూడొద్దా?"

ఎన్నాళ్లుగా అంటే, నేను వచ్చినప్పుడల్లా ఒకటో రెండో అన్నాడు. వారానికొకసారి, అదీ కొరికి. డాక్టరమ్మ ఏది వద్దందో సరిగ్గా అదే. నేను అరవలేదు. కూర్చోబెట్టి ఆమె చెప్పిందంతా చెప్పాను. లోపల జబ్బు లేకపోతే పోయేదేమీ లేదు, ఉంటే మాత్రం ఈ మచ్చులు దానికే బలం అని. రేపే పరీక్షకు పోదాం అన్నాను. శెట్టి కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. నాకు మళ్లీ కోపం తన్నుకొచ్చింది.

"ఊర్లో అందరి సరుకుకీ మచ్చు అడుగుతావే. నీ రక్తం ఒక చుక్క మచ్చు ఇయ్యనీకి ఏం రోగం నీకు?"

"ఆ రోగమే ఉంటే?" అన్నాడు.

వెనక్కి తిరగకుండానే చెప్పాడు. గుంటూరు మిర్చియార్డులో ఒక దళారి. చాన్నాళ్ల పరిచయం, అంతా తొడుగులతోనే జరిగిందని చెప్పలేడు. ఏడాదికి ముందే ఆయన చిక్కిపోతున్నాడని ఎవరో అన్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. నేను మొదటిసారి సీసా చూపించిన నాటికే శెట్టికి ఈ మాట చెవిన పడి ఉంది. అన్ని సాకులూ ఆ ఒక్క భయం మీద కప్పిన గోనెపట్టాలేనని అప్పుడు తెలిసింది. ఆయన వ్యాపారం ఆయనకు నేర్పిందే అది. బస్తాలో పురుగుందని అనుమానం ఉన్నవాడు గొట్టం గుచ్చనివ్వడు. ఏడాదిపాటు నేను మాత్ర గురించి పోట్లాడాను. ఆయన పోట్లాడింది సూదితో.

దగ్గరికి పోయి భుజం పట్టుకున్నాను. ఉంటే ఉంది, దానికీ మందుంది, నేనూ ఉన్నాను అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఏడాది ముందే బుద్ధి ఎందుకు పుట్టలేదో తెలియదు. శెట్టి నా చెయ్యి మీద తన చెయ్యి వేశాడు.

సోమవారం పొద్దున నేను ఆళ్లగడ్డకు పోలేదు. ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి నడిచాం. తననెవరూ ఎరగని కర్నూలు పోదామని శెట్టి దారిపొడవునా నసిగాడు. బెంచీ మీద మాకంటే ముందే మార్కెట్ మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఏం శెట్టీ ఇట్లా వచ్చినావంటే, "ఆచారికి చేతులు పగిలినాయప్పా, తోడొచ్చినా" అన్నాడు తడుముకోకుండా. నేను చేతులు చాచి చూపించాను. నిజంగానే పగిలి ఉన్నాయి.

డాక్టరమ్మ అంతా విని శెట్టిని తిట్టలేదు. నన్ను చూసి మాత్రం, సీసా సంచిలో కాదు, బీరువాలో పెట్టాలి, అంది. అక్కడే చేసిన పరీక్షలో జబ్బు కనపడలేదు. నేను ఊపిరి పీల్చుకోబోయాను. కానీ ఆమె ఆగమంది. మధ్యమధ్యలో మాత్రలు మింగాడు కాబట్టి ఈ ఒక్క పరీక్షను పూర్తిగా నమ్మలేమని, అప్పుడే పట్టుకున్న జబ్బు కూడా దొరికే పరీక్షకు హైదరాబాద్ పంపుతానని చెప్పింది. కిడ్నీలు, కామెర్లు చూడడానికి కూడా రక్తం తీసుకుని, అంతవరకు మాత్ర ముట్టుకోవద్దంది.

ఆ వారం నేను నంద్యాలలోనే ఉండిపోయాను. శిల్పశాలలో అమ్మవారి విగ్రహం ముఖం తేలక ముందే ఆగిపోయింది. అడిగినవాళ్లకు చేతులు బాగాలేవన్నాను. శెట్టి అంగట్లో కూర్చునేవాడు, రాతి చేతిని గుప్పిట్లో పట్టుకుని. గింజ కొరికేవాడు కానీ ధర చెప్పడం మరిచిపోయేవాడు. మేడమీద తన గ్లాసు వేరుగా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎంగిలితో రాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తెలిసీ పెట్టుకున్నాడు. రెండో రోజు ఆయన సగం తాగి పెట్టిన కాఫీ తీసుకుని ఆయన కళ్లముందే తాగేశాను. వద్దన్నాడు. నోర్ముయ్యమన్నాను. మంచినీళ్ల గ్లాసు కూడా తీసుకుని తాగాను. అప్పుడు ఏడ్చాడు. నేనెప్పుడూ ఆయన ఏడుపు చూడలేదు. తుండుగుడ్డ ఇచ్చి పక్కనే కూర్చున్నాను.

డాక్టరమ్మ ఫోన్ వచ్చినప్పుడు అంగడి ముందు లారీ నుంచి శనగబస్తాలు దిగుతున్నాయి. రమ్మంది, ఏమీ చెప్పలేదు. ఆ కాస్త దూరం ఎట్లా నడిచామో ఇద్దరికీ గుర్తులేదు. కాగితం మా వైపు తిప్పి, జబ్బు లేదు, అంది. శెట్టి కాగితం పైకెత్తి వెలుతురులో చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. ఇంకోసారి చూస్తారా అన్నాడు. నెల దాటాక మళ్లీ చూస్తానని, అప్పటినుంచి మూడు నెలలకోసారి ఎలాగూ తప్పదని చెప్పింది. సీసా చేతికిచ్చింది. సీలు గోటితో గీరి చూశాడు, తేదీ చదివాడు, ఆడించాడు.

"ఇది మచ్చు చూసే సరుకు కాదు శెట్టిగారూ. రోజూ మింగాల్సిందే. కొరకొద్దు."

తల ఊపాడు. అక్కడే ఆమె నీళ్లు తెప్పిస్తే, కొరక్కుండా మింగాడు.

ఇప్పుడంతా సాఫీగానే ఉంది. శెట్టి మాత్ర అన్నం తిన్న వెంటనే, నాది బెల్లంతో. ఆయన ఆళ్లగడ్డ వచ్చినప్పుడు మా అక్క రెండు బెల్లంముక్కలు తెస్తుంది. శెట్టికి కూడా దుమ్ము పట్టిందా అని అడిగితే, "శనగల దుమ్ము అక్కా" అన్నాడు. అక్క మా ఇద్దరి వైపూ చూసి లోపలికి పోయింది. ఆమెకు ఎంత తెలుసో నేను అడగలేదు. గుంటూరాయనకు శెట్టి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తాడు. జబ్బు ఉన్నమాట నిజమే, మందులు వాడుతున్నాడు, మళ్లీ ఒళ్లు చేశాడట. శెట్టి నంద్యాల సోనా బియ్యం ఒక బస్తా లారీలో వేసి పంపాడు. మాలాంటి మగవాళ్లు ఒకరిద్దరు ఆ మాత్ర గురించి శెట్టిని గుట్టుగా అడుగుతుంటారు. ఆయన వాళ్లను కూర్చోబెట్టి, సరుకు గురించి చెప్పినట్టు ఓపికగా చెబుతాడు. ఒక మాత్ర ఇయ్యన్నా, చూస్తా, అంటే మాత్రం కళ్లెర్ర చేస్తాడు. మచ్చు లేదు, ముందు పోయి రక్తం ఇచ్చిరా అంటాడు. పరీక్షల రోజు నాకంటే ముందు ఆయనే చొక్కా చెయ్యి పైకి మడిచి బల్లమీద చాపుతాడు.

కానీ ఆ రోజు సంగతి ఇంకొకటి ఉంది. డాక్టరమ్మ దగ్గరినుంచి అంగడికి తిరిగి నడిచాం. బస్తాలు దిగడం అయిపోయి హమాలీలు టీకి పోయారు. అంగట్లో మేమిద్దరమే. గద్దె మీద కూర్చుని, సీసాను గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాడు. తర్వాత బిల్లుల మీద బరువు పెట్టిన రాతి చెయ్యి తీశాడు. ఫ్యాను గాలికి కాగితాలన్నీ ఒక్కసారి లేచి అంగడంతా పరుచుకున్నాయి. ఆయన వాటి వైపు చూడలేదు. ఇన్నేళ్ల రుద్దుడుకు నున్నబడిన ఆ చేతిని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఆలోచించి చెప్తా అంటి గదా ఆచారీ. మచ్చు నచ్చింది. వినాయకుని బొమ్మ మొదలుపెట్టు."

నోరు పెద్దదని పేరున్నవాణ్ణి. కాగితాలు ఏరే నెపంతో కిందికి వంగాను. చాలాసేపు ఏరుతూనే ఉన్నాను.